అమ్మ అడిగిన తీగ

మొన్న మా ఆడబిడ్డ కూతురి నిశ్చితార్థానికి పట్టుచీర కొనాలని ధర్మవరం వెళ్ళాను. పెనుకొండలో ప్యాసింజరు ఎక్కితే ఎంతోసేపు పట్టే ప్రయాణం కాదు. అయినా ఈ మోకాళ్ళతో స్టేషను మెట్లెక్కి దిగేసరికే నాకు ఆ రోజు అయిపోయినట్టుంటుంది. చీరలు చూడాల్సిన దుకాణం నేను పుట్టి పెరిగిన వీధిలోనే ఉంది. ఇప్పుడు దానికి గాజు తలుపులు, లోపల చల్లటి గాలి, కూర్చోగానే చేతికొక నీళ్ళ సీసా. ఆటో దిగి, నడుం పట్టుకుని కాసేపు నిలబడి, తలెత్తి చూశాను. వీధి మీద ఆకాశం సరిగ్గా కనబడలేదు. కరెంటు తీగలు, కేబులు తీగలు, ఇంటర్నెట్టు తీగలు, ఎవరూ వాడక వదిలేసిన పాత తీగలు, అన్నీ ఈ మేడ నుంచి ఆ మేడకు అడ్డదిడ్డంగా వేలాడుతున్నాయి. వాటి మీద వరసగా కాకులు. కింద మనుషులు వాటిని పట్టించుకోకుండా బండ్లు నడుపుకుంటూ పోతున్నారు. ఆ కాకులను చూస్తే నాకు ఒళ్ళు మండింది. మా కాలంలో ఆ వీధిలో వాటికి కాలు మోపే చోటే ఉండేది కాదు.

అప్పట్లో మా వీధికొక కట్టుబాటు ఉండేది. వీధికి అడ్డంగా పైన ఏ తీగా పోకూడదు. బట్టలు ఆరేసుకునే తాడు కూడా కట్టకూడదు. కరెంటు తీగలు సైతం ఇండ్ల వెనకవైపు నుంచి వచ్చేవి. బయటి ఊళ్ళవాళ్ళకు ఇదంతా చాదస్తంగా తోచేది గానీ కారణం చాలా మామూలుది. చీరకు నిలువునా పోయే పోగులను పడుగు అంటారు. కొత్త పడుగు మగ్గం ఎక్కేముందు దాన్ని వీధి పొడవునా చాచి, కర్రల మీద నిలబెట్టి, చిక్కులు విడదీసి, తెగినచోట అతికి సరిచేయాలి. ఎండ ముదిరేలోపు ఆ పని అయిపోవాలి. ఒక ఇంటివాళ్ళు పడుగు చాస్తే వీధి వీధంతా వచ్చి చేయి వేసేది. నీళ్ళు చల్లిన మట్టి వాసన, పచ్చిపట్టు వాసన, అరుగుల మీద పెట్టిన కాఫీ లోటాల వాసన, ఇవన్నీ కలిస్తేనే నాకు ఇప్పటికీ తెల్లవారినట్టు. అలా చాచిన పట్టు నెత్తిన తీగ ఉంటే దాని మీద కాకి వాలుతుంది. వాలిన కాకి ఊరికే ఉండదు. రంగుపట్టు మీద రెట్ట పడితే ఆ మరక చచ్చినా పోదు.

ఈ కట్టుబాటుకు కాపలాదారు నాగప్ప తాత. మా నాయనకు మగ్గం నేర్పింది ఆయనే. మా ఎదురు వరసలో, కొంచెం పక్కగా ఆయన ఇల్లు. ఎప్పుడో ఆయన వయసులో ఉన్నప్పుడు పెండ్లికూతురి చీర కోసం చాచిన పడుగు మీద కాకి రెట్ట వేసిందట. మరక కప్పిపుచ్చడానికి పట్టునంతా ముదురు రంగులో ముంచి నేస్తే, పెండ్లివాళ్ళు చీర చూసి మాట్లాడకుండా లేచిపోయారట. ఆ కథ ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు, వీధిలో మిగతావాళ్ళే చెప్పేవాళ్ళు. ఆయన మాత్రం తెల్లవారి లేవగానే దేవుడి పటం కంటే ముందు వీధి మీది ఆకాశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసుకునేవాడు. పొద్దు గూకాక అరుగు మీద గోడకానుకుని కూర్చుని, వీధిలో ఎవరేం మాట్లాడుతున్నారో వింటూ ఉండేవాడు. మనిషి కఠినం. ఆయన వస్తుంటే మా నాయన బీడీ ఆర్పేసేవాడు.

చిక్కంతా మా ఎదురింటి సుగుణత్త మేడ మీదికి గొడుగు వచ్చినప్పుడు మొదలయింది. ఇనుప జల్లెడతో చేసిన పెద్ద డిష్షును మేమంతా గొడుగు అనేవాళ్ళం. ఆమె భర్త ఓబులేసు మామ రేడియోలు బాగుచేసే మనిషి, ఆ గొడుగు తెచ్చి హైదరాబాదు, మద్రాసు, బెంగళూరు ఛానెళ్ళన్నీ పట్టి, తమ వరసలో ఇంటింటికీ మేడల మీదుగా వైరు ఇచ్చాడు. మా వరసకు ఇవ్వాలంటే వీధి దాటించాలి. వీధి దాటించడానికి నాగప్ప తాత ఒప్పుకోడు. కాబట్టి ఎదురు వరసలో రంగురంగుల లోకం, మా వరసలో పైపుకు కట్టిన యాంటెన్నా, చీమలు పాకుతున్నట్టుండే ఒక్క సర్కారు ఛానెలు. మాకేమీ పెద్ద బాధ కలగలేదు. ఇంటర్మీడియట్ చదువుతున్న నాకు కొంచెం కుళ్ళు ఉండేదేమో, అంతే. బాధ కలిగింది అమ్మకు, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

అమ్మది హిందూపురం అవతల, మడకశిర దోవలో ఒక పల్లె. ఇంట్లో మాట్లాడుకునేది కన్నడం. తెలుగు వచ్చు, అంగట్లో బేరమాడేంత, చుట్టాలతో కుశలమడిగేంత. పెండ్లయి ధర్మవరం వచ్చాక ఆ అంగడి తెలుగుతోనే కాపురం చేయాల్సివచ్చింది. మా అవ్వ, అంటే నాయనమ్మ, చెడ్డ మనిషి కాదు. కానీ తనకు తెలియని మాట తన ఇంట్లో వినబడితే అది తనను తిట్టిన తిట్టే అని ఆమె నమ్మకం. పాత పడుగు కొనలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకడం మా ఇంట్లో ఆడవాళ్ళ పని. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని, వేళ్ళకు విబూది రాసుకుని, పోగులు మెలివేస్తూ లెక్క పైకి చెప్పుకోవాలి. కొత్తలో అమ్మ "ఒందు, ఎరడు, మూరు" అని లెక్కపెట్టేదట. "నాకు తెలిసే లెక్కలో చెప్పుమ్మే, నువ్వు తప్పు చెప్తే నాకెట్ల తెలిసేది?" అని అవ్వ అన్నదట. అందులో తప్పేముంది, న్యాయమే. అమ్మ ఆ రోజు నుంచి తెలుగులో లెక్కపెట్టింది. ఆ తరవాత వరసగా తెలుగులో కోప్పడింది, తెలుగులో జోలపాడింది, తెలుగులో ఏడ్చింది. నాతో కూడా కన్నడం మాట్లాడలేదు. అందుకే నాకు ఇప్పటికీ ఆ భాష సగమే అర్థమవుతుంది, అదీ బస్సు కండక్టర్ల దయవల్ల.

ఒక సాయంత్రం సుగుణత్త ఇంటికి మజ్జిగ తోడుకు పోయిన అమ్మ ఎంతకీ రాలేదు. పొయ్యి మీద పప్పు అడుగంటి వాసన వీధిలోకి పోయింది. అవ్వ కేకేస్తే నేను పరుగెత్తి చూశాను. సుగుణత్త ఇంటి గడప బయటే, చేతిలో గిన్నెతో, అమ్మ నిలబడి ఉంది. లోపల టీవీలో ఎవరో ఒకామె కన్నడంలో వార్తలు చదువుతోంది. కూరగాయల ధరలో, చెరువు తెగిన సంగతో, అలాంటివే. ఏడిపించే వార్తలేమీ కావు. అమ్మ పెదవులు ఆ చదివే ఆమె పెదవులతో పాటు కదులుతున్నాయి. నేను "అమ్మా" అంటే ఉలిక్కిపడి, ఏదో దొంగతనం చేసినట్టు గిన్నె కొంగు కింద దాచుకుంది. గిన్నెలో ఉన్నది మజ్జిగే గదా, దాన్ని దాచడమేమిటని నాకు నవ్వొచ్చింది.

ఆ మరుసటి రోజు నుంచి ఆ వేళకు మా ఇంట్లో ఏదో ఒకటి అయిపోయేది. ఉప్పు, అగ్గిపెట్టె, దబ్బనం. అమ్మ సుగుణత్త గడప దగ్గరకు పోయేది, వార్తలయ్యేదాకా నిలబడి వచ్చేది. లోపలికి రమ్మన్నా పోయేది కాదు, చూస్తున్నట్టు కనబడకూడదని. అవ్వ గుర్తుపట్టకుండా ఉంటుందా? ఆమెకు మా ఇంట్లో ఉప్పు ఎంత ఉందో చేయిపెట్టకుండా తెలుసు. ఒక రోజు గొంతెత్తి అందరూ వినేలా అడిగింది.

"పొద్దు గూకితే సాలు, యాడికి పోతాండావు? మనింట్లో దీపం లేదా, ఒకరి గడపకాడ నిలబడుకుంటావు? రేపు వీధిలో ఏమనుకుంటారు?"

 ఆ వారమంతా అమ్మ అటు పోలేదు. ఆ వేళకు వంటింట్లో కూర్చుని, నేతకు కావాల్సిన పట్టుపోగును కండెలకు చుట్టేది. చేతులు తిరిగేవి గానీ చెవులు వీధిలో ఉండేవని ఇప్పుడు చెప్పగలను, అప్పుడు నేను చూడలేదు. మా అమ్మ ఎన్నడూ ఏదీ కావాలని అడిగిన మనిషి కాదు. చీర కావాలని అడగలేదు, పుట్టింటికి పంపమని అడగలేదు. అలాంటిది ఒక రోజు నాయన అన్నం తింటుంటే విసురుతున్న విసనకర్ర ఆపి అంది.

"మనకూ ఆ వైరు ఏపిచ్చు."

నాయన ముద్ద చేతిలోనే పట్టుకుని, "వీధి దాటల్ల గదా. నాగప్ప చిన్నాయన ఒప్పుకుంటాడా?" అన్నాడు.

"అడుగు."

"నేనా? ఆయప్ప ముందర నాకు నోరు ప్యాలదు. ఆ మాట ఇంగ ఇడ్సిపెట్టు."

నాయన అన్నంలోకి తల వంచుకున్నాడు. ఆయనను నేనిప్పుడు తప్పుపట్టలేను. రోజంతా గుంతలో కాళ్ళు పెట్టుకుని మగ్గం తొక్కే మనిషికి సాయంత్రానికి ఎవరితోనైనా వాదించే ఓపిక ఎక్కడ మిగులుతుంది? ఉద్యోగం చేసి ఇంటికొచ్చిన రోజుల్లో నేనూ చాలాసార్లు అలాగే తల వంచుకున్నాను.

మరుసటి పొద్దున, వీధిలో పడుగు ఎత్తేశాక, అమ్మ నన్ను తోడు రమ్మంది. తల మీద కొంగు సరిచేసుకుని నాగప్ప తాత అరుగు కింద నిలబడింది. మా వీధిలో కోడళ్ళు ఆయనతో నేరుగా మాట్లాడగా నేను చూడలేదు. ఆయనా చూడలేదేమో, నములుతున్న వక్కాకు ఆపి, నా వైపు తిరిగి, "ఏంది పాపా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు అమ్మే మాట్లాడింది.

"మామా, ఎదురింటి నుంచి మా ఇంటికి ఒక వైరు కావల్ల. మీరు సరే అనల్ల."

"వీధి మీదనా?"

"ఊ."

"ఆ కట్టుబాటు నీకు తెల్దా?"

"తెలుసు మామా. పొద్దు మునిగినాక కాకులుండవు గదా. కాకులు పోయినాక కట్టుకుంటా. వార్తలు అయిపోతానే ఇప్పేస్తా. పగలు తీగ ఉండదు."

ఆయన తలెత్తి వీధి మీది ఆకాశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. ఎండ మా పాదాల మీదికి వచ్చింది. నాకు కాలేజీకి ఆలస్యమవుతోందని విసుగ్గా ఉంది.

"ఎవురు కట్టేది? ఎవురు ఇప్పేది?"

"నేనే."

"దినామూనా?"

"దినామూ."

"అంత ఏముండాదమ్మా దాంట్లో?"

అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "మా మాట వస్తాది మామా," అంది. "కన్నడం. పెండ్లయి వచ్చినప్పుట్నుంచి ఆ మాట మాట్లాడేదానికి నాకు ఈడ ఎవురూ లేరు. మాట్లాడకున్నా పర్వాలేదు. ఇంటే సాలు."

నాగప్ప తాత వక్కాకు పక్కకు ఉమ్మి, నోరు తుడుచుకున్నాడు. "నేను పొద్దన్నే లేసి పైకి సూస్తా. ఒగ దినమన్నా తీగ కనపడిందో, ఇంగ మళ్ళా నన్ను అడగాకు. ఆ దినంతో సరి," అన్నాడు. అమ్మ తలూపింది. ఇంటికి వస్తూ దోవలో నా చేయి పట్టుకుంది. ఆ చేయి చెమటతో తడిసిపోయి ఉంది. నేను అమ్మను భయపడుతుండగా చూడటం అదే మొదలు. అంత భయపడుతూ అడిగి తెచ్చుకున్నదాన్ని ఆమె పోగొట్టుకోకూడదని నాకు ఆ క్షణాన గట్టిగా అనిపించింది.

ఇప్పుడు పెనుకొండలో మా ఇంటి గోడకు ఒక పళ్ళెమంత డిష్షు ఉంది. ఎవరినీ అడగలేదు. పక్కింటివాళ్ళకు కూడా చెప్పలేదు. రిమోటు నొక్కుతూ పోతే ఛానెళ్ళు వస్తూనే ఉంటాయి, ఏ భాష కావాలంటే ఆ భాష. సాయంత్రం పూట కుర్చీలో కూలబడి ఆ మీట నొక్కుతూ, ఏదీ రెండు నిమిషాలు చూడలేక, చివరికి కట్టేసి ఊరికే కూర్చుంటాను. కళ్ళు లాగుతాయి, నిద్ర రాదు. అమ్మ పోయి ఏండ్లయింది. ఉంటే ఈ మీటను చూసి ఏమనేదో తెలియదు గానీ, నాకు మాత్రం దీన్ని పట్టుకున్నప్పుడల్లా ఆమె చేతిలోని చింతకాయలు కోసే దోటి కనబడుతుంది.

ఎందుకంటే ఆ తీగ కట్టడం మాటలు కాదు. వైరు చుట్ట మా ఇంట్లో ఉండేది. కాకులు గూళ్ళకు పోయాయని చూసుకుని, అమ్మ దోటి కొసన వైరు తగిలించి పైకెత్తితే, సుగుణత్త మేడ మీద నుంచి వంగి అందుకుని గొడుగు డబ్బాకు తగిలించేది. రెండో కొసను అమ్మ మా మిద్దె అంచున ఉన్న కొక్కేనికి దోటితోనే ఎత్తి వేసి, కిటికీలోంచి లోపలికి లాగేది. వార్తలయ్యాక ఇదంతా తిరగేసి చేయాలి. కిందపడిన వైరును మోచేతికి బొటనవేలికి మధ్య, పట్టు చుట్టినట్టే, చుట్ట చుట్టి మూలన పెట్టేది. తెల్లవారుజామున లేచి ఊడ్చి, కల్లాపి చల్లి, వండి, కండెలు చుట్టి, పోగులతికి, మళ్ళీ వండిన మనిషి, అరగంట కన్నడం కోసం ఆ పొడవాటి దోటిని ఎత్తి పట్టుకుని మెడ వెనక్కి వాల్చి నిలబడితే, దోటి కొస అటూ ఇటూ ఊగిపోయేది. నేను పట్టుకుంటానంటే ఇచ్చేది కాదు. మాట ఇచ్చింది తాను గదా.

ఆ సంబరం పట్టుమని పది రోజులు కూడా సాగలేదు. ఆ వైరులో తెలుగు సీరియల్ కూడా వస్తుందని సుగుణత్త మా వరసలో చెప్పింది. అదీ దాదాపు వార్తల వేళకే. మొదట పక్కింటావిడ వచ్చింది, ఆ పక్కింటావిడ వచ్చింది, తరవాత చాపలు సరిపోలేదు. అందరికంటే ముందు కూర్చున్నది అవ్వ. ఒకరి గడప దగ్గర నిలబడి వినొద్దన్న అవ్వ, ఆ సీరియల్లో కోడలిని రాచిరంపాన పెట్టే అత్తను చూసి, "ఎంత పాపిష్టిదో సూడు" అని కళ్ళు ఒత్తుకునేది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకు నీళ్ళిచ్చేది. కన్నడం పెట్టమని ఒక్కసారీ అనలేదు. సీరియల్ అయ్యాక అందరూ దులుపుకుని లేచిపోతే, దోటి తీసుకుని బయటికి పోయి తీగ దించేది. ఎవరి కోసం తెచ్చిన తీగ, ఎవరు కడుతున్నారు, ఎవరు చూస్తున్నారు అని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. "మరి నువ్వెందుకమ్మా కట్టేది?" అని నేను ఒకసారి అడిగితే, "అందరూ వస్తాండారు గదా పాపా, రావద్దంటే బాగుంటాదా?" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం ఉన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఉత్త అలసటే ఉంది.

వినాల్సినవాడు వింటూనే ఉన్నాడు. ఒక సాయంత్రం సీరియల్ మంచి పట్టుమీద ఉండగా గుమ్మంలో నాగప్ప తాత నిలబడ్డాడు. ఆయన మా గడప తొక్కడం నాకు తెలిసి అదే మొదలు. ఆడవాళ్ళంతా గబగబా కొంగులు సర్దుకుని లేచారు. ఆయన ఎవరినీ చూడలేదు, టీవీ వైపు చూస్తూ అడిగాడు.

"కన్నడం యాడ?"

అవ్వకు అర్థం కాలేదు. "ఏందప్పా?" అంది.

"ఇన్ని దినాలనుంచి అరుగు మీద కూసోని ఇంటాండా వొదినా. తెలుగే ఇనపడతాండాది. నీ కోడలు అడిగింది కన్నడం."

"ఆ మాట ఎవురికి అర్థమైతాది నాగప్పా ఈడ?"

"అడిగినోళ్ళకు అర్థమైతాది గదా. నేను వీధి ఇచ్చింది ఆ మాటకు. మీ కతలకు ఇయ్యలేదు. ముందు ఆ యమ్మి వార్తలు రావల్ల, ఆ పైన మీరేమన్నా సూసుకోండి. రేపు నా అరుగు మీదికి కన్నడం ఇనపడకుంటే ఈ తీగ లేదు."

అని వెళ్ళిపోయాడు. అమ్మ వంటింటి గుమ్మంలో తల వంచుకుని నిలబడి ఉంది. అవ్వ ముఖం ఎర్రబడింది. నాకు మాత్రం లోపల్లోపల చప్పట్లు కొట్టాలనిపించింది.

మరుసటి సాయంత్రం చాపల మీద అందరూ మూతులు ముడుచుకుని కూర్చున్నారు. టీవీలో కన్నడం. అమ్మను పిలిచి ముందు కూర్చోబెట్టారు, ఏదో తీర్పు చెప్పించడానికన్నట్టు. ఆమె సిగ్గుతో చచ్చిపోతూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పక్కగోడకు ఆనుకుంది. అంతమంది తన ముఖమే చూస్తున్నారు, ఆ వార్తల్లో ఏముందో అని. వార్తలు మొదలై ఎంతోసేపు కాలేదు, అమ్మ తల పక్కకు వాలింది. నేను లేచి దగ్గరికి పోయాను. తరవాత తెలిసింది, నిద్రపోతోంది. నేను పుట్టిన తరవాత మా అమ్మ నిద్రపోవడం నేను చూడలేదు. నేను పడుకునేటప్పటికి ఆమె లేచే ఉండేది, నేను లేచేటప్పటికి ఆమె లేచే ఉండేది. నోరు కొంచెం తెరుచుకుని, కనుబొమల మధ్య గీత పోయి, ఎవరో చిన్నపిల్లలా ఉంది.

పక్కింటావిడ కిసుక్కున నవ్వింది. "నిద్రపోయేదానికా ఇంత రచ్చ?" అని అవ్వ గొణిగి, తెలుగు పెట్టమని నాకు సైగ చేసింది. ఛానెలు మార్చాను. మార్చగానే అమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, "నీళ్ళు కావల్లనా అత్తా?" అంటూ లేవబోయింది. అవ్వ ఏమనుకుందో, "ఏం వద్దు, కూసో" అంది. నన్ను మళ్ళీ మార్చమంది. కన్నడం రాగానే ఆ తల మళ్ళీ గోడకు వాలిపోయింది.

అలా కొన్ని రోజులు నడిచింది. రోజూ అదే. అమ్మ తీగ కట్టి వచ్చి, గోడకానుకుని, ఆ చదివే ఆమె గొంతు వినబడగానే నిద్రపోయేది. వార్తలయ్యాక సీరియల్ మొదటి భాగం పోయిందని ఆడవాళ్ళు ఏం జరిగి ఉంటుందో తమలో తాము పోట్లాడుకునేవాళ్ళు. ఆ గోల మధ్య అమ్మ లేచి నీళ్ళిచ్చి, అందరూ పోయాక తీగ దించేది. ఏం విన్నావమ్మా అని అడిగితే నవ్వేది. ఒక్క వార్త కూడా విని ఉండదు. ఆ మాట చెవిన పడుతుంటే ఒళ్ళు దానంతటదే వదులయ్యేదేమో. ఇన్నేండ్లుగా ప్రతి మాటా ఒకసారి లోపల తిప్పుకుని బయటపెట్టిన మనిషి, తిప్పుకోనక్కర్లేని మాట వినబడేసరికి తనను తాను వదిలేసేది. ఇది నాకు ఇప్పుడు, ఈ వయసులో, ఈ నిద్రలేమిలో తెలుస్తోంది. అప్పట్లో ఆ ఇంట్లో దీన్ని అర్థం చేసుకున్నది ఒక్కరే, ఆమె ఏనాడూ నాతో ఆ సంగతి చెప్పలేదు.

పెద్ద పండగ ముందర చీరల పని మీద పడిన రోజుల్లో ఒక సాయంత్రం అమ్మ తీగ కట్టి వచ్చి కూర్చోవడంతోనే పడిపోయినట్టు నిద్రపోయింది. వార్తలయ్యాయి. పక్కింటావిడ, "ఇంగ మారుస్తావా పాపా?" అంది. నేను లేచాను. అవ్వ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తరవాత చాపల వైపు తిరిగి, నోటి మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో గుమ్మం చూపించింది. పాపిష్టి అత్త కథ ఏమైపోతుందో అని ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, గాజులు చప్పుడు కాకుండా పట్టుకుని, ఒక్కొక్కరే బయటికి పోయారు. టీవీలో కన్నడంలో ఎవరో రాగి పైరు గురించి మాట్లాడుతున్నారు. అవ్వ దాన్ని ఆపనివ్వలేదు.

అయితే వార్తలయిపోయాయి, సీరియల్ వేళా అయిపోతోంది, తీగ ఇంకా వీధి మీదే ఉంది. అమ్మను లేపాలి, లేకపోతే మాట పోతుంది, మాట పోతే తీగ పోతుంది. నేను అమ్మ భుజం మీద చేయి వేయబోతే అవ్వ నా చేతి మీద ఒక్కటి వేసింది. టీవీ గొంతు అలాగే ఉంచి, వెనక ఉన్న వైరు కొస మటుకు పట్టుకుని ఉండమని, తాను చెప్పినప్పుడు లాగమని చెవిలో చెప్పింది. వైరు లాగితే టీవీలో మాట ఆగిపోతుంది గదా అవ్వా అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఇంగొంచేపు ఉండనీ" అంది. అలా మేమిద్దరం రాగి పైరుకు తెగులు ఎలా వస్తుందో, మాకు అర్థంకాని మాటల్లో, చివరంటా విన్నాం. ఆ కార్యక్రమం అయ్యాక అవ్వ మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచి, టీవీని మోగుతుండగానే వదిలి, మూలన ఉన్న దోటి తీసుకుని వీధిలోకి నడిచింది; నేను గుమ్మందాకా పోయి నిలబడ్డాను. దోటి ఆమెకంటే రెండింతలుంది. మొదటిసారి కొక్కేనికి తగల్లేదు, రెండోసారీ తగల్లేదు.

ఎదురు వరసలో అరుగు మీద నుంచి నాగప్ప తాత గొంతు ఖంగుమని మోగింది. "ఏం వొదినా, నువ్వొచ్చినావు? నీ కోడలు యాడికి పోయింది? కట్టేది, ఇప్పేది తానే అన్నెది గదా!"

అవ్వ దోటి దించి, ఆయన వైపు తిరిగింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేలా మాట్లాడే మా అవ్వ, అంత తక్కువ గొంతుతో మాట్లాడగలదని నాకు అంతవరకు తెలియదు.

"మెల్లగ మాట్లాడు నాగప్పా," అంది. "పండుకోనుండాది."